పాత ఇంజనుకు కొత్త రంగు

నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును అని సామెత. మెట్టసేద్యం చేసే రైతుకు ఆ సామెతలోని మొదటి సగంతోనే జీవితమంతా పోరాటం. పల్లానికి పోయే నీటిని మెరకకు ఎక్కించనిదే అతనికి పంట లేదు. పెద్దవంగర ప్రాంతం అట్టి మెట్టసీమ. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో ఉండి, 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు మహబూబాబాదు జిల్లాలో మండల కేంద్రమైన గ్రామమిది. బమ్మెర పోతన నాగలి పట్టి బ్రతికినాడని జనం చెప్పుకొనే నేల ఇరుగుపొరుగుననే ఉన్నది. ఇక్కడ పడవలు సాగే పెద్ద నది లేదు. చెరువులు, బావులు, వాటిని నమ్ముకొన్న చెల్క పొలాలు ఉన్నవి. కాబట్టి సముద్రతీరపు బెస్తవానికి పడవ మోటారు ఎట్టిదో, ఈ సీమ రైతుకు బావిగట్టు మీది ఆయిలింజను అట్టిది. ఒకటి నీటిమీద పడవను తోస్తుంది, రెండవది నీటినే పైకి తోస్తుంది. ముసలితనంలో రెండింటికీ పట్టే రోగం ఒకటే. చేయవలసిన చికిత్సలోనూ పోలికలు పెక్కు.

బావినీరు తోడుటకు ఈ సీమ రైతు తొలుత నమ్ముకొన్నది ఎడ్లజతను. మోట కట్టి, ఎడ్లు వాలుదారిన దిగుతూ ఉండగా తోలుబొక్కెన పైకి వచ్చి కాలువలో నీరు కుమ్మరించేది. ఆ ఎడ్ల మెడపై బరువును దించినది ఆయిలింజను. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును ఆగ్స్‌బర్గు పట్టణంలో 1897లో విజయవంతంగా నడిపి చూపినాడు. నిప్పురవ్వతో పని లేకుండా, గాలిని గట్టిగా అదిమి, ఆ వేడికే నూనె మండేటట్లు చేయుట అందలి కీలకం. ఇంగ్లండులోని లిస్టరు కంపెనీ 1930 ప్రాంతమున తెచ్చిన ఒంటి సిలిండరు ఇంజను నిమిషానికి 600, 650 చుట్లు మాత్రమే తిరుగుతూ, బరువైన చక్రాలతో మొండిగా పనిచేసేది. దాని పోలికలతో గుజరాతులోని రాజ్‌కోట్‌లో ఎన్నో ఇంజనులు తయారైనవి. పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ 1946లో ఏర్పడినది. వారి ఏవీ1 రకం ఇంజను అయిదు గుర్రాల బలం గలది. నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. సిలిండరు వ్యాసం 80 మిల్లీమీటర్లు, పిస్టను నడక 110 మిల్లీమీటర్లు. బావి దగ్గర ఇంజను చప్పుడు వినిపించినదంటే ఆ ఇంట మడి తడుస్తున్నదని ఊరంతటికీ తెలిసిపోయేది.

ఆ చప్పుడు ఎందుకు తగ్గినది? కరెంటు వచ్చినది కాబట్టి అన్నది సులభమైన సమాధానం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చిన మాట నిజమే. కాని అంతకు ముందే ఇంజనును ఓడించినది నీరు. గట్టు మీద కూర్చున్న పంపు నీటిని తనంత తాను లాగలేదు. అది గొట్టంలోని గాలిని తీసివేస్తే, బయటి వాతావరణపు బరువే నీటిని పైకి నెడుతుంది. ఆ బరువు లెక్కకు పది మీటర్ల నీటిని మోయగలదు. ఆచరణలో ఏడెనిమిది మీటర్లకు మించి ఆశించరాదు. నీరు దిగినకొద్దీ రైతు ఇంజనును బావిలోనే మెట్టు కొట్టి కిందికి దించినాడు. బావి ఎండి బోరు వేసిన పిమ్మట ఆ ఉపాయం కూడా చెల్లలేదు. బోరులోనే మునిగి నీటిని పైకి నెట్టే కరెంటు మోటారు వచ్చినది. ఇంజను కొట్టం మూలకు చేరినది.

మూలబడిన ఇంజను ముందు సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, పాత ఇనుము కొనేవానికి తూకానికి అమ్మివేయుట. రెండవది, పైన ఒక పూత నిగనిగలాడే రంగు కొట్టించి, మంచి ఇంజనని చెప్పి ఇతరులకు అంటగట్టుట. మొదటి దారిలో ఇంజను పోతుంది. రెండవ దారిలో దానితోపాటు మాట పోతుంది. మూడవ దారి ఒకటి కలదు. ఇంజనును పూర్తిగా విప్పి, లోపల ఉన్న నిజం చూసి, బాగుచేసి, కట్టకడపట రంగు వేయుట. ఈ దారిలో శ్రమ ఎక్కువ, లాభం తక్కువ. అయినా యంత్రం మర్మం చేతికి తెలిసేది ఈ దారిలోనే.

విప్పుటకు ముందు చూపుకే పని. ఇంజను ఏ నిమిషాన ఆగిపోయినదో ఆ కథ దాని ఒంటిమీద వ్రాసి ఉంటుంది. చమురు కారిన జాడ, నీరు చెమర్చిన అతుకు, పొగగొట్టం దగ్గరి మసి, అన్నీ సాక్ష్యాలే. ముందే కడిగివేస్తే సాక్ష్యం పోతుంది. కాబట్టి నలువైపులా ఫొటోలు తీసుకొని, పిమ్మటనే చేయి వేయవలెను. చక్రాన్ని చేతితో మెల్లగా తిప్పి చూడవలెను. కదలకపోతే బలవంతపెట్టరాదు. పిస్టను తుప్పుతో సిలిండరుకు అంటుకొని ఉండవచ్చును. నాజిలు విప్పి ఆ రంధ్రంలో కిరసనాయిలు, చమురు కలిపి పోసి, కొన్ని రోజులు ఆగవలెను. ఓర్పు లేనివాని సుత్తి దెబ్బకు పోతయినుము పగులుతుంది. ఉక్కువలె అది వంగి ఊరుకోదు. తుప్పు పట్టిన నట్టు తలలకు సరియైన కొలత పానా పట్టవలెను. వదులు పానా జారితే నట్టు మూలలు అరిగి గుండ్రమై, ఒక గంట పని ఒక దినం పని అవుతుంది.

విప్పిన ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉండవలెను. హెడ్డు బోల్టులు ఒక పళ్లెంలో, వాల్వు సామాను మరొక పళ్లెంలో. ఏ వాల్వు ఏ గూటిలోదో గుర్తు పెట్టవలెను. ఏళ్ల తరబడి కలిసి అరిగినవి కాబట్టి ఒకదాని చోట మరొకటి పొసగదు. క్రాంకు పళ్లచక్రానికీ క్యాము పళ్లచక్రానికీ ఉన్న గుర్తులు ఎదురెదురుగా కలిసిన చోటు చూసి పెట్టుకోవలెను. తిరిగి బిగించునప్పుడు ఒక పన్ను తేడా వచ్చినా వాల్వులు వేళ తప్పి తెరుచుకొంటాయి. ఇంజనును విప్పుట పిల్లవాడు కూడా చేయగలడు. విప్పిన క్రమానికి తలక్రిందుగా బిగించగలవాడే పనివాడు.

హెడ్డు ఎత్తినప్పుడు ఇంజను నడవడి బయటపడుతుంది. పిస్టను తలమీద గట్టిపడిన మసి ఉంటే నూనె సరిగా మండలేదని అర్థం. సిలిండరు పైభాగంలో వేలికి మెట్టు తగిలితే అరుగుదల ముదిరినదని తెలుస్తుంది. పిస్టను రింగులు గాడులలో బిగుసుకొని ఉంటే కిరసనాయిలులో నానబెట్టి విడిపించవలెను. విల్లువలె ఎక్కువ చాపితే పుటుక్కున విరుగుతాయి. నీరు తిరిగే గూళ్లలో బావినీటి ఒండ్రు, సుద్ద పేరుకొని ఉంటుంది. పైన చల్లగా కనిపించే ఇంజను లోపల కాగిపోవుటకు కారణమదే. మరి రెండు జాగ్రత్తలు. పాత గాస్కెట్లలో ఆస్‌బెస్టాసు నార ఉండవచ్చును. దానిని పొడిగా గీకి దుమ్ము పీల్చరాదు, తడిపి తీయవలెను. నాజిలును పరీక్షించునప్పుడు దాని ఎదుట వేలు పెట్టరాదు. వాతావరణపు ఒత్తిడికి వందరెట్లకు మించిన ఒత్తిడితో వచ్చే ఆ నూనె తుంపర చర్మాన్ని చీల్చి లోనికి పోగలదు. గాయం చీమ కుట్టినంతే కనిపించినా, వెంటనే ఆసుపత్రికి పోవలసినంత ప్రమాదం.

ఇక తుప్పు సంగతి. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు కలిస్తే తుప్పు పుడుతుంది. అది పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుచేత రంగు కింద రవ్వంత తుప్పు మిగిలినా, అది ఉబ్బి పైపూతను లేపి, ఆ సందున కొత్త నీటిని లోనికి పిలుస్తుంది. తుప్పు మీద రంగు వేయుట దొంగను ఇంట ఉంచి తలుపు మూసినట్టిది. వైరు బ్రష్షుతో, ఉప్పుకాగితంతో శుద్ధమైన లోహం కనిపించేవరకు రుద్దవలసినదే. ఇక్కడ కూడా ఒక హెచ్చరిక కలదు. పూర్వపు రంగులలో సీసం విరివిగా కలిపేవారు. ఇనుముకు తొలిపూతగా వాడిన సీస సిందూరం తుప్పును చక్కగా ఆపేది. కాని అది విషం. ఇళ్లకు వేసే రంగులలో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమం చేసినది. అంతకు ముందటి డబ్బాల మాట ఏమిటన్నది పాత ఇంజను ఒంటిమీదనే ఉన్నది. కాబట్టి పాత రంగును కాల్చరాదు, పొడిగా రుద్దరాదు. నీటితో తడిపి రుద్ది, రాలిన పొట్టును కాగితంలో మూటగట్టి, పిల్లలు ఆడే చోటికి, పశువులు మేసే చోటికి దూరంగా ఉంచవలెను.

కిరసనాయిలుతో కడిగిన ఇనుము శుభ్రంగా కనిపించినా, దానిమీద పలుచని నూనెపొర నిలిచి ఉంటుంది. సబ్బునీటితో దానిని పోగొట్టి, ఎండలో ఆరబెట్టి, ఆలస్యం లేకుండా రెడాక్సైడు పూత వేయవలెను. వానకాలపు చెమ్మలో వేస్తే తేమ లోపల చిక్కి బొబ్బలు లేస్తాయి. అది బాగుగా ఆరిన తరువాత ఎనామిలు రంగు పలుచగా రెండు పూతలు వేయుట మేలు. ఒకేసారి మందంగా పూస్తే కన్నీటిచారలు కడుతుంది. రంగు వేయకూడని చోట్లు తెలిసియుండుట ఇంకా ముఖ్యం. బేరింగులు, చమురు పోసే రంధ్రాలు, అతుకు ముఖాలు, గాలి పీల్చే దారులు రంగు తాకరానివి. పేరుబిళ్ల మీద రంగు కొట్టినవాడు ఆ ఇంజను జాతకాన్నే చెరిపివేసినవాడు. దాని సంఖ్య, బలం, చుట్ల లెక్క అందులోనే ఉంటాయి. రేపు విడిభాగం కావలసి వస్తే అదే ఆధారం.

సముద్రతీరాన ఫైబరు పడవల వెనుక తగిలించే మోటారుకు ఈ సూత్రాలన్నీ వర్తిస్తాయి, రెండు మార్పులతో. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్ మిల్వాకీ నగరం నుంచి 1909లో అమ్మకానికి తెచ్చిన నాటినుంచి పడవ మోటారుకు వ్యాప్తి కలిగినది. నేటి పడవ మోటారు ఒడలు చాలావరకు అల్యూమినియం. దానికి ఇనుపపూత అయిన రెడాక్సైడు అతకదు. అల్యూమినియం కొరకే చేసిన తొలిపూత వేయవలెను. నీటమునిగే భాగానికి చిన్న జింకు ముక్క బిగించి ఉంటుంది. ఉప్పునీటిలో తాను కరిగిపోతూ మోటారును కాపాడుట దాని ధర్మం. అందముకొరకు దానిమీద రంగు పూసినవాడు కాపలావాని కళ్లకు గంతలు కట్టినవాడే. అడుగు పళ్లచక్రాల పెట్టెలోని చమురు పాలవలె తెల్లబారి ఉంటే లోనికి నీరు చేరినదని అర్థం. సీలు మార్చనిదే ఎంత మంచి రంగు వేసినా వ్యర్థం.

రంగు ఆరి, పళ్లచక్రాలు గుర్తులకు కూడి, కొత్త చమురు పోసిన పిమ్మట ఇంజనును నడిపే ఘడియ వస్తుంది. వాల్వు లీవరు ఎత్తి పట్టి, హాండిలుతో చక్రాన్ని వేగంగా తిప్పి, ఊపు అందుకొన్నాక లీవరు వదలవలెను. హాండిలును పట్టునప్పుడు బొటనవేలిని చుట్టూ మడవక, మిగిలిన వేళ్లవైపే ఉంచుట అనుభవజ్ఞుల పద్ధతి. హాండిలు ఎదురుతిరిగితే వేలు మిగులుతుంది. ఇంకొక మాట ప్రాణంతో కూడినది. నడిచే ఇంజనును లోతుబావిలో ఉంచి మనిషి దిగరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. గాలి ఆడని బావిలో అది నిండితే దిగినవాడు సొమ్మసిల్లుతాడు, అతనిని లాగుటకు దిగినవాడూ అట్లే కూలుతాడు. ఇంజనును గట్టునే ఉంచవలెను. చెరువు నుంచో కాలువ నుంచో, లోతు లేని నీటిని కరెంటు తీగ లేని పొలానికి ఎక్కించుటకు అది నేటికీ తగినది.

ఇంత శ్రమ చేసి పాత ఇంజనును నిలబెట్టుట లాభమా అని అడిగితే, రూపాయల లెక్కలో ఒక్కొక్కప్పుడు కాకపోవచ్చును. బోరులో దిగిన మోటారు రైతు కంటికి కనిపించదు. అది ఆగిననాడు పైకి లాగి పట్నం పంపుట తప్ప అతనికి వేరు తోవ తోచదు. ఆయిలింజను అట్టిది కాదు. దానిని విప్పినవానికి తన పంటకు నీరెట్లు వస్తున్నదో తెలుస్తుంది. రోగమెక్కడో తెలుస్తుంది. పైరంగు చూసి మోసపోని చూపు వస్తుంది. తండ్రి పానా పట్టగా పక్కన కూర్చుండి నట్టులు అందించిన పిల్లవానికి ఆ చూపు ఆస్తిగా దక్కుతుంది. దానిని తూకం వేసి కొనే పాత ఇనుప వర్తకుడు ఇంకా పుట్టలేదు.