రాజప్రాసాదం – తేనీటి విందు

ఉద్దేశం

ఒక దేశ ప్రజలు సెలవుదినాన్ని గడిపే తీరులో ఆ దేశ చరిత్ర ప్రతిఫలిస్తుంది. ఇంగ్లండులో కుటుంబాలు ఇష్టపడే రాజప్రాసాద సందర్శనాన్ని, అపరాహ్ణపు తేనీటి విందును పరిచయం చేస్తూ, కంటికి కనిపించే వైభవం వెనుక ఉన్న మనుషులను గుర్తించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కుటుంబమంతా కలిసి ప్రయాణం అంటే మనకు ముందుగా మనసులో మెదిలేవి గుడి, నది, కొండ. ఇంగ్లండులో పిల్లలూ పెద్దలూ కలిసి సెలవునాడు వెళ్లే చోట్లలో పాత రాజప్రాసాదాలు ముఖ్యమైనవి. ఉదయమంతా గదులు, చిత్తరువులు, తోటలు చూసి, మధ్యాహ్నం మూడు నాలుగు గంటల వేళ తేనీటి విందుకు కూర్చోవడం అక్కడివారికి ఒక ముచ్చట. లండన్ నగరంలోని కెన్సింగ్టన్ ప్రాసాదం ఈ రెండింటికీ పేరుపొందింది.

ఈ ప్రాసాదం పుట్టుకకు కారణం ఒక రాజు అనారోగ్యం. మూడవ విలియం ఉబ్బస వ్యాధితో బాధపడేవాడు. థేమ్స్ నది ఒడ్డున ఉన్న వైట్‌హాల్ ప్రాసాదంలోని చెమ్మ, నగరపు పొగ ఆయనకు సరిపడలేదు. అందువల్ల 1689లో ఆయన, రాణి రెండవ మేరీ కలిసి, నాటి నగరానికి పడమట మంచి గాలి వీచే కెన్సింగ్టన్ పల్లెలో ఒక ప్రభువు ఇంటిని కొన్నారు. సుప్రసిద్ధ వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ దానిని విస్తరించాడు. ఎర్ర ఇటుకలతో కట్టిన ఈ భవనం కోటలా భయపెట్టదు. పెద్ద ఇల్లులా పలకరిస్తుంది. 1760లో రెండవ జార్జి ఇక్కడే మరణించాడు. ఆ తరువాత ఏ రాజూ దీనిని తన నివాసంగా చేసుకోలేదు.

సందర్శకులను మొదట ఆకట్టుకొనేది రాజుగారి మెట్లదారి. 1720 దశకంలో విలియం కెంట్ అనే చిత్రకారుడు ఆ గోడలమీద మొదటి జార్జి కొలువును చిత్రించాడు. అక్కడ నలభై అయిదు మూర్తులు పిట్టగోడపై నుంచి వంగి మనవైపు చూస్తున్నట్లు కనిపిస్తాయి. విశేషమేమంటే ఆ గుంపులో రాజుకు స్వయంగా పరిచర్య చేసిన ముస్తఫా, మెహమెత్ అనే తురుష్క సేవకులు కూడా ఉన్నారు. రాజమందిరపు గోడమీద సేవకులకు చోటు దొరకడం అరుదైన విషయం.

పైన ఉన్న రాజుగారి చిత్రశాలలో, పొయ్యికి ఎగువన, ఒక గుండ్రని పలక ఉంది. 1694లో విలియం కోసం అమర్చిన ఈ యంత్రపు ముల్లు, పైకప్పుమీద గాలివాటుకు తిరిగే రేకుతో అనుసంధానమై ఉంటుంది. గాలి ఎటునుంచి వీస్తున్నదో రాజు గది దాటకుండానే తెలుసుకొనేవాడు. తెరచాపల ఓడల కాలంలో గాలి తెలిస్తే నౌకాదళం ఎటు కదలగలదో తెలుస్తుంది. రాణి మేరీకి చైనా, జపాన్ దేశాల పింగాణీ పాత్రలంటే మక్కువ ఎక్కువ. వాటిని ఆమె తన గదులలో వరుసలుగా అలంకరించింది. గాలిపలకనూ, పింగాణీనీ గుర్తుంచుకోండి. తేనీటి కథలో వాటి ప్రసక్తి మళ్లీ వస్తుంది.

విక్టోరియా రాణి 1819 మే 24న ఈ ప్రాసాదంలోనే జన్మించింది. ఆమె బాల్యం కఠినమైన కట్టుబాట్ల మధ్య గడిచింది. తల్లి గదిలోనే నిద్రించాలి. ఎవరైనా చేయి పట్టుకొంటే తప్ప మెట్లు దిగరాదు. 1837 జూన్ 20న తెల్లవారుజామున ఆమెను నిద్రలేపి, తాను రాణి అయిన సంగతి తెలిపారు. పద్దెనిమిదేళ్ల ఆ యువతి చేసిన తొలి మార్పులలో ఒకటి తల్లి గదినుంచి తన మంచాన్ని వేరే గదికి మార్పించుకోవడం. బంగారు పంజరం కూడా పంజరమేనని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. 1899లో ఆమె ఎనభయ్యవ జన్మదినాన ఈ ప్రాసాదంలోని రాజమందిరాలను ప్రజలకోసం తెరిచారు. మరొక భాగంలో నేటికీ రాజకుటుంబీకులు నివసిస్తున్నారు.

ప్రాసాదం చూశాక విందు. తోటలో ఆరెంజరీ అనే పొడవైన మందిరం ఉంది. చలికాలంలో నారింజ జాతి మొక్కలను కాపాడడానికి రాణి ఆన్ కోసం 1704–05లో దీనిని నిర్మించారు. తరువాతి కాలంలో ఇది తేనీటి విందుకు ప్రసిద్ధి చెందింది.

అపరాహ్ణపు తేనీటి విందు 1840 ప్రాంతంలో మొదలైందని చెబుతారు. బెడ్‌ఫర్డ్ ప్రభుపత్ని అనా మరియా విక్టోరియా రాణి కొలువులో పరిచారికగా ఉన్న గొప్పింటి స్త్రీ. ఆ రోజులలో సంపన్నుల రాత్రి భోజనం బాగా ఆలస్యమయ్యేది. మధ్యలో కలిగే నీరసం పోగొట్టుకోవడానికి ఆమె తేనీటితోపాటు రొట్టె, వెన్న తెప్పించుకొనేదట. క్రమంగా స్నేహితురాళ్లను పిలవడంతో అది ఆచారంగా మారింది.

విందులో మూడు అంతస్తుల పళ్లెం ప్రధానాకర్షణ. అడుగున దోసకాయ ముక్కలు, గుడ్డు వంటివి పెట్టి, అంచులు కోసిన సన్నని శాండ్‌విచ్‌లు. నడుమ స్కోన్ అనే గుల్లటి చిన్న రొట్టెలు. పైన కేకులు ఉంటాయి. కిందినుంచి పైకి తినుకుంటూ పోవడం మర్యాద. స్కోన్‌పై చిక్కని మీగడ, పండ్ల జామ్ వేసుకొంటారు. డెవన్ సీమవారు మీగడ ముందు రాయాలంటారు, కార్న్‌వాల్ సీమవారు జామ్ ముందు అంటారు. ఆవకాయ విషయంలో మనవాళ్లు ఎవరి ఇంటి పద్ధతిని వారు సమర్థించుకొన్నట్లే ఈ వివాదమూ తెగదు. ‘హై టీ’ అనేది మాత్రం వేరు. అది శ్రామికులు పనినుంచి వచ్చి సాయంత్రం తినే గట్టి భోజనం.

ఇంత ఆంగ్లేయంగా కనిపించే ఈ విందులో ఆంగ్ల భూమిలో పండినదెంత? తేయాకు చైనాది. దాని పేరూ చైనాదే. సముద్రమార్గాన వెళ్లినచోట ‘టీ’గా, భూమార్గాన పారశీకం మీదుగా వచ్చినచోట ‘చాయ్’గా అది స్థిరపడింది. తెలుగువారి నోట ఆ రెండు పేర్లూ నిలిచాయి. 1662లో రెండవ చార్లెస్‌ను పెళ్లాడిన పోర్చుగీసు రాకుమారి కేథరిన్ తేనీటి అలవాటును రాజాస్థానంలో వ్యాప్తి చేసింది. ఆమె వరకట్నంలో బొంబాయి కూడా ఉంది. అధిక పన్నుల వల్ల చాలాకాలం తేయాకు ధనికుల వస్తువుగానే ఉండేది. 1784లో సుంకాన్ని 119 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించాక సామాన్యుల ఇంటికి సులభంగా చేరింది.

తేనీటిలో కలిపే చక్కెర కరీబియన్ దీవులలో ఆఫ్రికా బానిసల చెమటతో తయారయ్యేది. ఇది తెలుసుకొని 1791 నుంచి ఇంగ్లండులో ఎన్నో కుటుంబాలు ఆ చక్కెరను మానివేశాయి. మార్కెట్లో ఏది కొనాలో నిర్ణయించే గృహిణులు ఆ ఉద్యమానికి బలమయ్యారు. బ్రిటన్ 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించింది; తన వలసలలో బానిసత్వాన్ని రద్దుచేస్తూ 1833లో చట్టం చేసింది. తేనీటి బల్ల దగ్గర పుట్టిన ఆలోచనకు కూడా అందులో పాత్ర ఉంది.

చైనా తేయాకుకు ధర చెల్లించడానికి ఆంగ్ల వర్తకులు భారతదేశపు నల్లమందును అక్కడికి పంపారు. అది 1839–42 యుద్ధానికి దారితీసింది. ఆ కాలంలోనే, 1839 జనవరిలో, అస్సాం తేయాకు ఎనిమిది పెట్టెలు లండన్‌లో వేలానికి వచ్చాయి. తోటలు విస్తరించాక కూలీల అవసరం పెరిగింది. ఛోటానాగపూర్, ఒరిస్సా ప్రాంతాలతోపాటు నాటి మదరాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం మండలాలనుంచి కూడా పేదలను అక్కడికి తరలించారు. వారిలో తెలుగువారున్నారు. ఒప్పంద పత్రంపై వేలిముద్ర వేసినవారు గడువు తీరకుండా తోట విడిచిపోతే శిక్షార్హులయ్యేవారు. ఎందరో దారిలోనూ, తోటలలోనూ జ్వరాలతో మరణించారు. బతికినవారి సంతతి నేటికీ అస్సాంలో ఉంది.

రాజు తన గదిలో కూర్చొని గాలిపలకను చూశాడు. ఆ గాలులే ఓడలలో తేయాకును, చక్కెరను, పింగాణీని ఆయన దేశానికి చేర్చాయి. కెంట్ తన కుంచెతో సేవకుల ముఖాలను గోడమీద నిలిపాడు. తేయాకు కోసిన చేతులు, చెరకు నరికిన చేతులు మాత్రం కప్పుమీది పూలలో కనిపించవు. తెలుసుకొన్న కంటికే కనిపిస్తాయి. కుటుంబంతో ఒక మంచి రోజు గడిపి ఆనందించడంలో దోషం లేదు. ఆ ఆనందాన్ని మనదాకా చేర్చినవారిని పిల్లలకు చెప్పగలిగితే ఆ రోజు వినోదంతోపాటు విజ్ఞానాన్నీ ఇస్తుంది. ఇది లండన్ ప్రాసాదానికే పరిమితమైన మాట కాదు. గోల్కొండ కోట ఎక్కినా, ఇంట్లో కప్పు టీ తాగినా వర్తిస్తుంది.

ప్రశ్నలు

1. కెన్సింగ్టన్ ప్రాసాదంలోని గాలిపలక ప్రయోజనాన్ని వివరించండి.
2. విక్టోరియా రాణి బాల్యం గురించి రాయండి.
3. తేనీటి విందుకూ భారతీయ శ్రామికులకూ ఉన్న సంబంధాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.
4. మీ ప్రాంతంలోని ఒక చారిత్రక కట్టడం వెనుక ఉన్న శ్రమజీవుల గురించి పెద్దలను అడిగి తెలుసుకొని వ్యాసం రాయండి.