స్లాట్ కార్లు: 60 ఏళ్ల నాటి బొమ్మ కారుకు పార్ట్ దొరుకుతుందా? ఐటీ కారిడార్‌లోనే ఓ దారి ఉంది!

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు దూసుకెళ్తుంటే హైదరాబాద్ కళ్లార్పకుండా చూసింది. కరెంటుతో నడిచే రేసు కారంటే కొత్త టెక్నాలజీ అనుకుంటాం కదా! అరచేతిలో పట్టే సైజులో అవి 1957లోనే వచ్చేశాయి. అవే స్లాట్ కార్లు.

ట్రాక్ మధ్యలో సన్నటి గాడి. కారు ముందు వైపు కింద ఉండే చిన్న ప్లాస్టిక్ గైడ్ అందులో కూర్చుంటుంది. గాడికి రెండు వైపులా ఉన్న లోహపు పట్టీల నుంచి 12 వోల్టుల కరెంట్ మోటార్‌కు చేరుతుంది. స్టీరింగ్ లేదు. చేతిలో ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంత స్పీడ్. మలుపులో కాస్త ఎక్కువ నొక్కారో, కారును సోఫా కింద వెతుక్కోవాల్సిందే.

బ్రిటన్‌కు చెందిన ఫ్రెడ్ ఫ్రాన్సిస్, స్ప్రింగ్‌తో నడిచే తన 'స్కేలెక్స్' రేకు కార్లకు ఎలక్ట్రిక్ మోటార్ బిగించారు. అలా పుట్టిందే 'స్కేలెక్‌స్ట్రిక్'. మరుసటి ఏడాదే ఆయన కంపెనీని లైన్స్ బ్రదర్స్ కొనేసింది. 1960 నుంచి రేకు బదులు ప్లాస్టిక్ వచ్చింది. కలెక్టర్లకు అసలు చిక్కు ఇక్కడే. రేకు కార్లు మార్కెట్‌లో ఉన్నది కొన్నేళ్లే, వాటి పార్టులు తర్వాతి ప్లాస్టిక్ మోడళ్లకు సెట్ కావు. ప్లాస్టిక్‌లోనూ 1960ల నాటి బుగాటీ టైప్ 59 లాంటివి మహా అరుదు.

విచిత్రం ఏంటంటే, మోటార్ కంటే అద్దం ముక్క దొరకడమే కష్టం. విండ్‌స్క్రీన్, సైలెన్సర్ పైపు, డ్రైవర్ తల... పిల్లల ఆటలో ముందు విరిగేవి ఇవే. రబ్బరు టైర్లేమో ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగిలిపోతాయి.

ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో వీటిని వెతకడం దండగే. రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్ లాంటి ప్రోటోటైపింగ్ సెంటర్లలో త్రీడీ ప్రింటర్లు ఉన్నాయి. విరిగిన గైడ్‌ను కొలిచి, డిజైన్ గీసి ప్రింట్ తీయొచ్చు. పారదర్శకమైన విండ్‌స్క్రీన్ మాత్రం ప్రింటర్‌తో అంత నీట్‌గా రాదు. దానికి అచ్చు చేసి, పల్చటి షీట్‌ను వేడి చేసి దాని మీద పరవాలి.

విదేశాల నుంచి తెప్పించుకునే ముందు లెక్క చూసుకోండి. బొమ్మలపై కస్టమ్స్ సుంకాన్ని కేంద్రం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. ఏ కేటగిరీ కింద వస్తుందో, ఇప్పుడు ఎంత పడుతుందో కొనకముందే కనుక్కోవడం బెటర్. కొత్తగా చేసిన నకలు పార్ట్ వేసి 'ఒరిజినల్' రేటు చెప్పేవాళ్లూ ఉంటారు. కారు అడుగు భాగం ఫొటో అడగండి. స్క్రూల మీద కొత్త గీతలుంటే ఎవరో విప్పారన్నమాట. నకలు పార్ట్ వాడటం తప్పేం కాదు, ఆ మాట చెప్పకుండా అమ్మితేనే మోసం.

కారు చేతికొచ్చాక ఆత్రంగా 12 వోల్టులు ఇచ్చేయొద్దు. ముందు వెనక చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పండి. బిగుసుకుపోయి ఉంటే పాత గ్రీజు తుడిచి, ఒక్క చుక్క సన్నటి ఆయిల్ వేసి మళ్లీ తిప్పండి. జామ్ అయిన మోటార్‌కు కరెంట్ ఇస్తే వైండింగ్ కాలిపోతుంది.