కుక్క ముక్కుతో పోటీ: మిలిటరీ పరిశోధనల్లో చిన్న కంపెనీలు

ఎస్.బి.ఐ. అనగానే మనవాళ్ళకి స్టేట్ బాంకు గుర్తుకొస్తుంది. దాని చివర ఒక "ఆర్" తగిలిస్తే అమెరికాలో అది వేరే సంగతి. స్మాల్ బిజినెస్ ఇన్నొవేషన్ రీసెర్చ్, అంటే చిన్న కంపెనీల చేత ప్రభుత్వం డబ్బిచ్చి చేయించే పరిశోధన. రక్షణశాఖ పనులన్నీ లాక్‌హీడ్, బోయింగ్ లాంటి ఏనుగులవే, పదిమంది పనిచేసే కంపెనీకి అక్కడ ఏం పని అని నేనూ చాలాకాలం అనుకున్నాను. తీరా చూస్తే ఈ పథకం కింద అన్నిటికంటే ఎక్కువ డబ్బు ఖర్చు పెట్టేది ఆ రక్షణశాఖే.

దీని పుట్టుక నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో. 1977లో అక్కడ రోలండ్ టిబెట్స్ అనే అధికారి ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాడు. 1982లో రీగన్ సంతకంతో చట్టమయింది. బయటివాళ్ళ చేత చేయించే పరిశోధనల మీద ఏడాదికి 10 కోట్ల డాలర్లకి మించి ఖర్చు పెట్టే ప్రతి శాఖా అందులో కొంత వాటా చిన్న కంపెనీలకి కేటాయించాలన్నది ఆ చట్టం సారాంశం. ఆ వాటా మొదట్లో 0.2 శాతం, 1997కి 2.5 శాతం, 2017కి 3.2 శాతం. వినడానికి చిన్న అంకెలే. రక్షణశాఖ బడ్జెట్ ఎంతో తలుచుకుంటే చిన్నగా కనపడవు.

పద్ధతి ఇదీ. "మీకేం ఆలోచనలున్నాయో చెప్పండి" అని మిలిటరీ సాధారణంగా అడగదు. తనకున్న ఇబ్బంది ఏమిటో ఒకటి రెండు పేజీల్లో రాసి, దానికో నంబరిచ్చి ప్రకటిస్తుంది. దీన్ని టాపిక్ అంటారు. టాపిక్ బయటపెట్టిన మొదటి కొద్దివారాలు దాన్ని రాసిన ఇంజనీరుతో నేరుగా ఫోనులో మాట్లాడనిస్తారు. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో విలువైనది ఆ ఫోను కాలే. కాగితం మీద రాయని అసలు బాధ అక్కడ బయటపడుతుంది. తరవాత ఆ తలుపు మూసేస్తారు. ఇక అడగదలుచుకున్నవి అందరికీ కనపడేలా రాతపూర్వకంగానే అడగాలి.

నెగ్గినవాళ్ళకి మొదటి ఫేజ్: ఆరునెలలో, కొంచెం ఎక్కువో. ఈ ఆలోచన అసలు పనిచేస్తుందా లేదా తేల్చడం. రెండో ఫేజ్ సుమారు రెండేళ్ళు, నమూనా కట్టి చూపించడం. 2000 దశకంలో మొదటిదానికి లక్ష డాలర్ల దాకా, రెండోదానికి ఏడున్నర లక్షల దాకా ఇచ్చేవారు. 2024 చివరికి ఆ పరిమితులు సుమారు 3 లక్షల 14 వేలు, 20 లక్షల 95 వేల డాలర్లయ్యాయి. మూడో ఫేజ్ అమ్మకం. దానికి ఈ పథకం నుంచి ఒక్క డాలరు కూడా రాదు. దాని సంగతి తరవాత.

ఉదాహరణకి పేలుడు పదార్థాలని పసిగట్టే పరికరం తీసుకుందాం. టి.ఎన్.టి. వాసన పట్టడం ఎందుకు కష్టమంటే అది ఆవిరయ్యేదే అతి తక్కువ. మామూలు వేడిలో వంద కోట్ల గాలి అణువుల మధ్య దానివి ఓ అయిదో పదో ఉంటాయి. భూమిలో పాతిపెట్టిన మందుపాతర మీద అయితే ఇంకా తక్కువ. కుక్క ఆ పని చేస్తుంది. కాని కుక్క అలిసిపోతుంది, దానికో శిక్షకుడు కావాలి, ఆ ఇద్దరూ బాంబు పక్కకి నడిచి వెళ్ళాలి.

1990ల చివర్లో డార్పా సంస్థ "డాగ్స్ నోస్" పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దాన్ని నడిపిన రెజీనా డూగన్ తరవాత 2009లో ఆ సంస్థకే అధిపతి అయింది. అందులోంచి వచ్చిన పరికరాల్లో ఫైడో ఒకటి. రసాయనం ఎం.ఐ.టి. ఆచార్యుడు టిమొతీ స్వేగర్‌ది. దాన్ని చేతిలో పట్టే పరికరంగా మార్చినది ఓక్లహోమాలో స్టిల్‌వాటర్ అనే ఊళ్ళో ఉన్న నోమాడిక్స్, ఇలాంటి ప్రభుత్వ ఒప్పందాల మీద పెరిగిన చిన్న కంపెనీ.

కిటుకు తెలుసుకోవాలంటే వినాయకచవితి పందిరికి కట్టే సీరియల్ సెట్ గుర్తుకి తెచ్చుకోండి. ఒక్క బల్బు పోతే వరసంతా ఆరిపోతుంది. స్వేగర్ తయారుచేసిన పాలిమర్ పొడుగాటి గొలుసు. దాని మీద తగిన కాంతి పడితే మెరుస్తుంది. అలా పుట్టిన ఉత్తేజం ఒకచోట నిలవకుండా గొలుసు పొడుగునా అటూ ఇటూ తిరుగుతుంది. టి.ఎన్.టి.కి ఎలక్ట్రానులంటే మహా ఆశ. ఆ అణువు ఒక్కటి వచ్చి గొలుసులో ఎక్కడ కూర్చున్నా, తిరుగుతూ వచ్చిన ఉత్తేజం దాని నోట్లో పడుతుంది, మెరుపు ఆగిపోతుంది. మామూలు రంగు పదార్థంలో ఒక అణువు ఒక అణువునే ఆర్పగలదు. ఇక్కడ ఒకటి ఎన్నిటినో ఆర్పేస్తుంది. ఇంకో తెలివి ఏమిటంటే, గొలుసులు ఒకదానికొకటి అతుక్కుపోకుండా వాటి మధ్య లావుపాటి పంజరాల్లాంటి అణు నిర్మాణాలు పెట్టారు. ఆ ఖాళీల్లోకి టి.ఎన్.టి. సులువుగా దూరుతుంది. ఈ పాలిమర్ పూసిన సన్నటి గాజు గొట్టంలోంచి గాలి పీల్చి, వెలుగు తగ్గిందా లేదా చూడడమే పరికరం పని. దాన్ని పాక్‌బాట్ అనే చిన్న రోబో చేతికి తగిలించి ఇరాక్‌లో వాడారు. మనిషి, కుక్క దూరంగా ఉండిపోయారు. లోపాలు లేవని కాదు. ఆర్.డి.ఎక్స్. లాంటివి టి.ఎన్.టి. కంటే ఇంకా తక్కువ ఆవిరవుతాయి. వాటికి గాలి పీలిస్తే సరిపోదు, వస్తువుని తుడిచి పరీక్షించాలి.

అదే రోజుల్లో అదే ఇరాక్‌లో ఇంకో "పరికరం" కూడా ఉండేది. పేరు ఏడీఈ-651. ఒక పిడి, దానికి అటూ ఇటూ ఊగే ఆంటెనా, అంతే. బాటరీ కూడా లేదు. గోల్ఫ్ బంతులు వెతికిపెడుతుందని అమ్మిన ఒక ఆటవస్తువు దీనికి మూలం. బ్రిటిష్ వ్యాపారి జేమ్స్ మెక్‌కార్మిక్ వీటిని ఇరాక్ ప్రభుత్వానికి ఒక్కొక్కటి వేల డాలర్లకి అమ్మాడు. బాగ్దాద్ చెక్‌పోస్టుల్లో పోలీసులు దాన్నే పట్టుకుని కార్లు తనిఖీ చేశారు. 2010లో బ్రిటన్ ఎగుమతి నిషేధించింది. 2013లో అతనికి పదేళ్ళ శిక్ష పడింది. ఈ మోసం బయటపెట్టడానికి కావలసిన పరీక్ష చాలా చవక: పది డబ్బాల్లో ఒక దాంట్లో మందు పెట్టి, ఎందులో ఉందో పట్టుకున్నవాడికీ పరీక్ష పెట్టేవాడికీ తెలియకుండా చెయ్యడం. మొదటి ఫేజ్ రిపోర్టులు చాదస్తంగా ఉంటాయని విసుక్కునేవాళ్ళకి నేను ఈ కథే చెబుతాను.

శిక్షణ విషయానికొస్తే మనలాంటి భాషాప్రియులకి నచ్చేది ఫ్రేజలేటర్. డార్పా ఇచ్చిన ఎస్.బి.ఐ.ఆర్. ఒప్పందంతో తయారైన చేతిపెట్టె. సైనికుడు ఇంగ్లీషులో ఒక వాక్యం అంటే, ముందే రికార్డు చేసిన పష్తో వాక్యం పలుకుతుంది. అవతలివాడు చెప్పే జవాబు దానికి అర్థం కాదు! అంచేత "అవునా కాదా, వేలితో చూపించండి" అన్న తరహా ప్రశ్నలే అడగాలి. సైనికుడికే భాష నేర్పుదామని "టాక్టికల్ ఇరాకీ" అనే వీడియో గేమ్ వచ్చింది. అందులో మాటతోబాటు మర్యాద కూడా లెక్కే. ఊరిపెద్దతో దురుసుగా మాట్లాడితే ఆట ముందుకి సాగదు.

ఇక మనవాళ్ళు తరచు అడిగే ప్రశ్న. కంపెనీలో 500 మందికి మించి ఉండకూడదు. మామూలుగా సగానికి పైగా వాటా అమెరికా పౌరులదో, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళదో అయివుండాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు అటువంటి కంపెనీలో ఉద్యోగం చెయ్యచ్చు. అయితే టాపిక్ మీద ఐటార్ అనే ఆయుధ ఎగుమతి నిబంధనలు వర్తిస్తాయని రాసివుంటే, లైసెన్సు లేకుండా ఆ సాంకేతిక సమాచారం చూడడమే నేరమవుతుంది. పక్కబల్ల మీద ఉన్న డ్రాయింగు కూడా అందులోకే వస్తుంది. చేరబోయే ముందు అడిగి తెలుసుకోండి.

మూడో ఫేజ్ సంగతి చెబుతానన్నాను. రెండో ఫేజ్‌లో తయారుచేసిన దాన్ని, మళ్ళీ పోటీ పెట్టకుండా నేరుగా కొనుక్కునే వీలు చట్టంలోనే ఉంది. కాని కొనాలంటే ఆ కొనుగోలు విభాగం బడ్జెట్‌లో దానికో పద్దు రెండేళ్ళ ముందే ఉండాలి. నమూనా అద్భుతంగా పనిచేసినా పద్దు లేక ఆగిపోయినవి కొల్లలు. దీన్ని ఇక్కడివాళ్ళు మృత్యులోయ అంటారు. లోయ దాటలేక కొత్త కొత్త మొదటి ఫేజ్‌లు గెలుచుకుంటూ దానిమీదే బతికే కంపెనీలూ ఉన్నాయి. వాళ్ళని వెక్కిరిస్తారు గాని, తప్పంతా వాళ్ళదే అని నేననుకోను.

ఇంతకీ ఈ పథకం శాశ్వతం కాదు. కాంగ్రెస్ గడువు పెట్టి పొడిగిస్తూ వచ్చింది. 2022లో ఇచ్చిన మూడేళ్ళ పొడిగింపు 2025 సెప్టెంబరు 30న, తరవాతి పొడిగింపు ఏదీ లేకుండానే తీరిపోయింది. ఆ మర్నాటి నుంచి కొత్త టాపిక్కులు ఆగాయి. మొదటి ఫేజ్ ముగించుకుని రెండోదాని కోసం ఎదురుచూస్తున్న పదిమంది కంపెనీకి నెలాఖరు జీతాలు మాత్రం ఆగవు.