సమ్మెలో ప్రయాణికుడి స్థానం

ఆర్టీసీ కార్మిక సంఘం ఎవరి పక్షం? నిస్సందేహంగా సభ్యుల పక్షం. జీతం, పనిగంటలు, ఉద్యోగ భద్రత దాని బేరసారాల పరిధి. టిక్కెట్టు కొన్నవాడికి అందులో ఓటు లేదు. అయినా ఈ వైరుధ్యం పైపైదేనని నా అభిప్రాయం. 2019 అక్టోబరు 5న తెలంగాణలో సుమారు 48 వేలమంది సమ్మెకు దిగినప్పుడు, సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్న కోర్కెతోపాటు ఖాళీల భర్తీ కూడా అడిగారు. డ్రైవరు లేని బస్సు డిపో దాటదు. కనుక అది ప్రయాణికుడి కోర్కె కూడా. 52 రోజులకు సమ్మె విరమించారు. డిసెంబరులో చార్జీ కిలోమీటరుకు 20 పైసలు పెరిగింది. కార్మికుడు ఓడినచోట ప్రయాణికుడు గెలవలేదు. సమ్మెపై కథ రాసేవారు డ్రైవరునూ, బస్సుకోసం నిలబడ్డ మనిషినీ ఎదురెదురుగా నిలబెట్టి ఊరుకోరాదు. ఇద్దరినీ కలిపే ఆ ఖాళీల లెక్కను చూపాలి.