అకిలిస్ స్నాయువు తెగుట

అకిలిస్ స్నాయువు తెగుట అనగా పిక్క కండరాలను మడమ ఎముకతో కలిపే స్నాయువు పాక్షికముగా గాని, పూర్తిగా గాని తెగిపోవుట. మానవ శరీరములోని స్నాయువులన్నింటిలో ఇది మిక్కిలి మందమైనది, బలమైనది. వాడుకలో దీనిని మడమ నరము అంటారు గాని ఇది నరము కాదు. దీనివలన సాధారణముగా ప్రాణాపాయము ఉండదు. సకాలములో గుర్తించకపోతే మాత్రము కాలి పట్టు శాశ్వతముగా తగ్గవచ్చును. వ్యవసాయ కూలి, మగ్గము పని ఆధారముగా జీవించే కుటుంబాలు అనేకముగా ఉన్న కర్నూలు జిల్లా పడమటి ప్రాంతములో (పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు) ఈ గాయము వలన కలిగే నష్టము ఆసుపత్రి ఖర్చుతో ముగియదు.

పేరు
గ్రీకు పురాణములో అకిలిస్‌ను అతని తల్లి మడమ పట్టుకొని స్టిక్స్ నదిలో ముంచినదని, తడవని ఆ మడమ వద్దనే అతడికి చావు వచ్చినదని కథ. స్నాయువుకు ఈ పేరు 1693లో వెలువడిన ఫిలిప్ వెర్‌హెయెన్ శరీర నిర్మాణ గ్రంథము ద్వారా వ్యాపించినదని చెబుతారు.

కారణాలు
30 నుండి 50 ఏళ్ళ పురుషులలో ఇది ఎక్కువ. ఆటలో ఒక్కసారిగా పరుగు అందుకొన్నపుడు, ఎగిరినపుడు, గుంతలో కాలు పడినపుడు తెగుతుంది. మడమకు 2 నుండి 6 సెంటీమీటర్ల పైన రక్త ప్రసరణ తక్కువగా ఉండుట వలన అక్కడే ఎక్కువగా తెగుతుంది. స్టిరాయిడ్లు, సిప్రోఫ్లోక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినొలోన్ మందులు ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. ఈ మందుల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో తీవ్ర హెచ్చరిక చేర్పించినది. మన దేశములో కొడవలి దెబ్బ, పగిలిన మరుగుదొడ్డి పింగాణీ తొట్టిలో కాలు జారుట వలన కూడా ఇది కోసుకుపోతుంది. ఇటువంటి తెరచిన గాయాలకు శుభ్రపరచి కుట్టుట, ధనుర్వాతము టీకా అవసరము.

గుర్తించుట
వెనుకనుండి ఎవరో తన్నినట్లు అనిపించుట, టప్‌మను శబ్దము, మునివేళ్ళపై నిలబడలేకపోవుట ముఖ్య లక్షణాలు. ఇతర కండరాల సాయముతో రోగి కుంటుతూ నడవగలడు కనుక దీనిని బెణుకుగా పొరబడుట సామాన్యము. రోగిని బోర్లా పడుకోబెట్టి పిక్కను నొక్కినపుడు పాదము కదలకపోతే స్నాయువు పూర్తిగా తెగినట్లు భావిస్తారు. దీనిని థాంప్సన్ పరీక్ష అంటారు. దీనికి ఏ యంత్రమూ అక్కరలేదు. ఎక్స్‌రేలో ఎముక బాగున్నదని తేలినంత మాత్రాన స్నాయువు బాగున్నట్లు కాదు.

చికిత్స, ఫలితాలు
చికిత్స రెండు విధాలు. మొదటిది తెగిన కొసలను శస్త్రచికిత్సతో కుట్టుట. రెండవది మునివేళ్ళు క్రిందికి ఉండునట్లు పాదమును పిండికట్టులో గాని, మడమ క్రింద మెట్లు పెట్టిన బూటులో గాని ఉంచి కొసలు వాటంతట అవే అతుకునట్లు చేయుట. రెండింటిలోనూ ఆ తరువాత క్రమబద్ధమైన వ్యాయామము తప్పనిసరి.

నార్వేలో 526 మందిపై జరిగి 2022లో వెలువడిన అధ్యయనములో, ఏడాది తరువాత కాలి పనితీరులో శస్త్రచికిత్స పొందినవారికి, పొందనివారికి చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. శస్త్రచికిత్స లేనివారిలో 6.2 శాతము మందికి, ఉన్నవారిలో 0.6 శాతము మందికి స్నాయువు మరల తెగినది. అయితే నరము దెబ్బతినుట శస్త్రచికిత్స లేనివారిలో 0.6, పెద్ద కోతతో 2.8, చిన్న కోతతో 5.2 శాతముగా ఉన్నది.

బ్రిటన్‌లో 540 మందిపై జరిగి 2020లో వెలువడిన అధ్యయనము పిండికట్టును, బూటును పోల్చినది. ఫలితములో తేడా లేదు. సగటు వైద్య, సంరక్షణ వ్యయము పిండికట్టుకు 1,181 పౌండ్లు, బూటుకు 1,078 పౌండ్లు.

ఖర్చు
శస్త్రచికిత్సకు ఆపరేషన్ గది, మత్తు మందు, ఆసుపత్రి బస తోడవుతాయి. పిండికట్టుకు ఇవి అవసరము లేదు. కాని పని మానుకొనే కాలము రెండింటిలోనూ దీర్ఘమే. బరువు పనికి తిరిగి వెళ్ళుటకు సాధారణముగా మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ దినకూలి 300 రూపాయలు. వారానికి ఆరు రోజుల చొప్పున 12 వారాలు పని పోయిన కూలీ నష్టము ఈ లెక్కన 21,600 రూపాయలు.

పడమటి ప్రాంతమునుండి ఏటా అనేక కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్తాయి. దీనిని సుగ్గికి పోవుట అంటారు. గాయము ఆ నెలలలో తగిలితే ఏడాది సంపాదనలో పెద్ద భాగము పోవచ్చును. ఎమ్మిగనూరు గుంట మగ్గాలపై నేతగాడు పాదముతో తొక్కుడు కర్రలను నొక్కాలి. పాదమును క్రిందికి నొక్కే బలము ఈ స్నాయువుదే కావున పిండికట్టు విప్పగానే మగ్గమెక్కుట సాధ్యము కాదు.

ఆదోనిలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి, కర్నూలులో వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన వైద్యశాల ఉన్నాయి. దూరము నుండి వచ్చువారికి బస్సు ఛార్జీలు, తోడు వచ్చినవారి కూలి నష్టము కూడా లెక్కలోకి వస్తాయి. పిండికట్టు మార్పించుటకు, వ్యాయామము నేర్చుకొనుటకు పలుమార్లు రావలసి ఉండుటచే కొందరు మధ్యలోనే మానివేసే ప్రమాదమున్నది.

ఆలస్యమైతే
గాయమైన నాలుగు వారాలు దాటితే తెగిన కొసలు దూరమై మధ్య ఖాళీ మచ్చ కణజాలముతో నిండుతుంది. అపుడు పిండికట్టు చాలకపోవచ్చును. కండరమును జార్చి గాని, బొటనవ్రేలిని వంచే స్నాయువును మళ్ళించి గాని పెద్ద శస్త్రచికిత్స చేయవలసి వస్తుంది. ఖర్చు పెరుగుతుంది, కోలుకొనే కాలమూ పెరుగుతుంది. రాయలసీమలో ప్రసిద్ధమైన పుత్తూరు కట్టు ఎముకల కోసము ఏర్పడినది. తెగిన స్నాయువుపై తైలముతో మర్దన చేసినా, పాదమును నిటారుగా ఉంచి కట్టు కట్టినా కొసలు మరింత ఎడమవుతాయి. కావున మడమ వెనుక పల్లము తగిలినా, మునివేళ్ళపై నిలబడలేకపోయినా మొదటి వారములోనే ఎముకల వైద్యునికి చూపించుట అన్నింటికంటే చౌకైన చికిత్స.