మట్టి కప్పుకుంటే చాలదు

నేలలో ఒదిగిన ఇల్లు అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఎలుక బొరియ. చీకటి, చెమ్మ, ఉక్కపోత.

ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌షైర్‌లోని హాకర్టన్ ఇళ్లు ఈ అపోహను తుడిచేస్తాయి. బ్రెండా వేల్, రాబర్ట్ వేల్ దంపతులు రూపొందించిన ఈ అయిదు ఇళ్లు 1998లో పూర్తయ్యాయి. వెనుక గోడ, కప్పు మట్టి కిందే. దక్షిణం వైపు మాత్రం ఒక్కో ఇంటికి 19 మీటర్ల పొడవునా అద్దాల వసారా. ముందు నుంచి వెనుక గోడ దాకా ఇల్లు 6 మీటర్లే కాబట్టి వెలుతురు బాగా లోపలికి వస్తుంది.

అసలు చిక్కు తెచ్చే అపోహ వేరే ఉంది: మట్టి మంచి దుప్పటి, కప్పేస్తే చాలునని. నిజానికి వేడిని ఆపడంలో మట్టి నాసిరకం, తడిస్తే మరీను. థర్మకోల్ చేసే పని తడిమట్టి చేయాలంటే కనీసం ముప్పై రెట్ల మందం కావాలి. అందుకే హాకర్టన్‌లో 40 సెంటీమీటర్ల మట్టి ఉన్నా, దాని కింద 30 సెంటీమీటర్ల థర్మకోల్ కూడా వేశారు. అంత చలి ప్రాంతంలోనూ ఆ ఇళ్లలో హీటింగ్ ఏర్పాటే లేదు!

మరి మట్టి చేసే మేలేమిటి? వేడిని ఆలస్యం చేయడం. పగటి ఎండ తాకిడి మీటరు లోతుకు దాదాపు చేరదు. ఇంకా బాగా దిగితే నేల ఆ ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రత దగ్గర నిలుస్తుంది. ఆస్ట్రేలియాలోని కూబర్ పీడీలో ఓపల్ గనివాళ్లు గుట్టలు తొలిచి కాపురాలు పెట్టింది అందుకే. బయట 45 డిగ్రీలు మండుతున్నా లోపల 25కు అటూఇటూ. హైదరాబాదు సగటు 26, 27 డిగ్రీలు. మే నెలలో అది వరమే, కానీ ఏసీ చల్లదనం మాత్రం ఆశించకూడదు.

మట్టి ఊరికే వస్తుంది కాబట్టి ఇల్లు చవకన్నది ఇంకో భ్రమ. అడుగు మందం తడిమట్టి చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే మామూలు డాబాకు ఇంజనీర్లు లెక్కగట్టే అదనపు బరువు 150 కిలోలు. స్లాబుకు, ఇనుముకు ఖర్చు పెరగక తప్పదు. నల్లరేగడి అయితే వానలకు ఉబ్బి గోడను నెడుతుంది. గోడ వెనుక కంకర, నీరు పోయే గొట్టం ముందే వేసుకోవాలి.

రాయలసీమ మట్టిమిద్దె కారితే, పైకెక్కి చౌడు పోస్తే సరి. నేలలో ఒదిగిన ఇంటికి మాత్రం నీటిని ఆపే పొర మట్టి అడుగున ఉంటుంది. అది చిరిగితే కప్పు మీది మట్టంతా తవ్వాలి.