మంగలికత్తి పదును

ముంచింగిపుట్టు సంతలో చెట్టు క్రింద కూర్చునే వృద్ధ క్షురకుని వద్ద ఒక పాత మడతకత్తి ఉన్నది. ఇప్పుడాయన దానితో ఎవరికీ గడ్డం గీయడు. అందుకు బ్లేడు ముక్క మార్చే కత్తి వేరే పెట్టుకొన్నాడు. కాని పాతదానిని సంతకు సంతకు తెచ్చి, తీరిక దొరికినప్పుడు తోలుపట్టాపై ఆడిస్తూ ఉంటాడు. ఒకనాడు దానిని చూచి మా విద్యార్థి నన్నడిగాడు: "వెంట్రుక మెత్తనిది, ఉక్కు గట్టిది గదండీ! మరి కత్తి ఎందుకు మొద్దుబారుతుంది?"

చక్కని ప్రశ్న. పదును అనగా రెండు నున్నని ముఖాలు కలిసే గీటు. దీనినే వాదర అంటాము. బాగా నూరిన మంగలికత్తిలో దాని మందం సుమారు అర మైక్రాన్, అనగా మిల్లీమీటరులో రెండువేలవ వంతు. గడ్డపు వెంట్రుక దానికంటె దాదాపు రెండువందల రెట్లు లావు. వైశాల్యం అంత తక్కువైనప్పుడు స్వల్పమైన బలమే గొప్ప పీడనమై వెంట్రుకను తెంపుతుంది. అయితే అంత సన్నని అంచు సుకుమారమైనది కూడా.

వెంట్రుక ఉక్కు కంటె సుమారు 50 రెట్లు మెత్తనిది. అయినా అది ఉక్కును ఎట్లా గెలుస్తుందో 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన రొషోలి, టాసన్ ప్రభృతులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించారు. వారు పరీక్షించినవి వాడి పారవేసే బ్లేడులు. వాదర అరిగి గుండ్రమగుట ముఖ్యకారణం కాదని, అక్కడక్కడ పెచ్చులూడుతున్నదని తేలింది. ఉక్కు అంతటా ఒకే గట్టిదనం ఉండదు. వెంట్రుక వంగి ఏటవాలుగా ఒత్తినప్పుడు, సరిగా ఆ గట్టి, మెత్తని భాగాల సరిహద్దున ఒక చిన్న నొక్కు ముందే ఉంటే, అక్కడ పగులు పుట్టి పెచ్చు లేస్తుంది.

ఉక్కు మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. దక్షిణ భారతంలో మూసలలో కరిగించి చేసిన ఉక్కుకు నిజామాబాదు జిల్లా కోనసముద్రం పేరుపొందిన కేంద్రాలలో ఒకటి. ఇటువంటి భారతీయ ఉక్కును లండనులో కత్తులు చేసే స్టోడార్ట్ మెచ్చుకొన్నాడు. 1820 ప్రాంతంలో ఆయనతో కలిసి ఉక్కు మిశ్రమాలపై ప్రయోగాలు చేసినవాడు మైకేల్ ఫారడే. ఆ మిశ్రమాలలో ఒకదానితో చేయించిన మంగలికత్తులను ఫారడే మిత్రులకు బహూకరించాడు కూడా.

ఇక నూరటం. కత్తిని రాతిపై పూర్తిగా పడుకోబెట్టాలి. వెన్ను, వాదర రెండూ రాతిని తాకాలి. వాదర ముందు నడవాలి. ఇందులోని తెలివి చూడండి: వెన్ను మందం 6 మిల్లీమీటర్లు, వెడల్పు 20 మిల్లీమీటర్లు అయితే వాదర కోణం సుమారు 17 డిగ్రీలు. విద్యార్థులు త్రికోణమితితో సరిచూడవచ్చు. ఏళ్ల తరబడి నూరితే వెన్నూ వెడల్పూ కలిసి అరుగుతాయి గనుక కోణం ఇంచుమించు అట్లే ఉంటుంది.

ఏ రాయి అయినా పనికిరాదు. బెల్జియం దేశపు ప్రసిద్ధమైన సానరాతిలో నూరే పని చేసేవి గార్నెట్ రేణువులు; కొన్ని మైక్రాన్ల పరిమాణం గలవి. మన తూర్పు కనుమలలో విరివిగా దొరికే ఖోండలైట్ రాతిలోనూ గార్నెట్ ఉన్నది (ఆ రాతికి ఖోండు జనుల పేరే పెట్టారు). కాని ఇక్కడి పలుకులు కంటికి కనబడేంత పెద్దవి. అటువంటి రాతిపై రుద్దితే కత్తికి ఱంపపు పళ్లు మొలుస్తాయి!

రాతి తరువాత తోలుపట్టా. ఇక్కడే నేను పొరబడ్డాను. రాతిమీద వలెనే వాదరను ముందుకు త్రోసి, మా ఇంటి పట్టాను నడిమికి కోశాను. తరువాత ఆ వృద్ధుడు నా చేయి పట్టుకొని చూపించాడు. "వెన్ను ముందు పోవాల మేష్టారూ. తిప్పేటప్పుడు కూడా వెన్నుమీదే తిప్పండి." తోలు లోహాన్ని పెద్దగా అరగదీయదు, వంగిన సూక్ష్మమైన అంచును నిటారుగా సర్ది నునుపు చేస్తుంది. అందుకే ప్రతి క్షౌరానికి ముందూ ఇది కావాలి.

గీయబోయే ముందు గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు వేడినీటితో నానబెట్టాలి. నీరు కెరటిన్ అణుమాలల మధ్యనున్న హైడ్రోజన్ బంధాలను సడలిస్తుంది. వెంట్రుక ఉబ్బి, తెంపటానికి కావలసిన బలం బాగా తగ్గుతుంది. వాదరకూ ఆ మేరకు ఒత్తిడి తప్పుతుంది. సబ్బు నురుగు ఆ తడిని నిలుపుతుంది. చర్మాన్ని రెండవ చేతితో బిగలాగి, కత్తిని సుమారు 30 డిగ్రీల వాలులో, వెంట్రుకలు వాలిన దిక్కుకే నడపాలి. అదమరాదు. నా గడ్డంమీది మచ్చ అదిమినందుకు గుర్తు.

వృద్ధుడు ఆ కత్తిని ఇతరులకు ఎందుకు వాడడు? కామెర్లు కలిగించే హెపటైటిస్-బి వైరస్ శరీరం వెలుపల కనీసం ఏడు రోజులు బ్రతకగలదు. కంటికి కానరాని రక్తం చాలు. కత్తిని ఉడికించవచ్చు గదా అంటారేమో. ఉడికించిన కత్తిని మళ్ళీ అందరి కత్తులూ తాకిన పట్టాపైనే ఆడించాలి, తోలును ఉడికించలేము. నిప్పులో కాలుద్దామంటే, 200 డిగ్రీలు దాటితే ఉక్కు గట్టిదనం దిగజారుతుంది. కాబట్టి మడతకత్తి, పట్టా ఒక మనిషి సొంతానికే. అంగడిలో మాత్రం మనిషికొక కొత్త బ్లేడు ముక్క వేయమని అడగటానికి ఎవరూ మొగమాటపడనక్కరలేదు.

పని కాగానే ఆయన కత్తిని పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె చుక్క రాసి మడుస్తాడు. ఈ కొండల వానాకాలపు తేమకు అర మైక్రాను అంచు త్రుప్పు పట్టటానికి ఒక రాత్రి చాలునట.